ఒక కాలు నదిలో, ఒక కాలు సముద్రంలో

అందరూ నన్ను మెచ్చుకునే పని ఒకటుంది. అది తలచుకుంటే ఏళ్లుగా నా గుండె బరువెక్కుతోంది. సభల్లో మెడలో దండ వేస్తున్నప్పుడు మరీను. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

శ్రీకాకుళంలో మాది బట్టల కొట్టు. నాకు తిరగడం పిచ్చి. ఒంటరిగా తిరిగి విసుగొచ్చి, గడప దాటడమే కష్టమైనవాళ్లను వెంటపెట్టుకు వెళ్లడం మొదలుపెట్టాను. చూపులేనివాళ్లు, చక్రాల కుర్చీల్లో ఉన్నవాళ్లు. మెల్లగా ఒక బృందం తయారైంది. వ్యాను కిటికీలోంచి కనబడేదంతా నేను చెబుతుంటే చూపులేనివాళ్లు వినేవారు. నౌపడ ఉప్పుమడుల తెలుపు ఎలాంటి తెలుపో కూడా అడిగి చెప్పించుకునేవారు.

వాళ్లలో పెద్దావిడ సూరమ్మ టీచరు. శ్రీకూర్మంలో పిల్లలకు సంగీతం చెబుతారు. పుట్టుకతోనే చూపు లేదు. కళింగపట్నం వెళ్లిన రోజు ఆవిడ ఒక్కటే కోరారు. వంశధార సముద్రంలో కలిసే చోట, ఒక కాలు నదిలో, ఒక కాలు సముద్రంలో పెట్టి నిలబడాలని.

ఆ చోటికి ఇసుకలో చాలా దూరం నడవాలి. మిగతావాళ్లను వ్యాను దగ్గరే ఉంచి, ఆవిడ చెయ్యి పట్టుకుని బయల్దేరాను. కొంచెం నడిచామో లేదో ఫోను మోగింది. మా గురించి రాస్తానన్న విలేకరి వ్యాను దగ్గరికి వచ్చేశాడట, ఎక్కువసేపు ఉండలేడట. పేపర్లో నా ఫోటో. దాని ముందు ఆవిడ కోరిక ఏపాటిదనిపించిందా? అనిపించింది. ఇప్పుడు దాచి ఏం లాభం?

ఒడ్డున పల్లంలో అలలు వదిలిన నీళ్లు మడుగు కట్టి ఉన్నాయి. ఆవిడ ఎడమ కాలు అందులో పెట్టించాను. కుడి కాలికి అల తగిలేలా నిలబెట్టాను.

“వచ్చీసినామేటి బాబూ?”

“వచ్చేశాం టీచర్. ఇదే.”

“ఈ కాలికి నీరు ఎచ్చగా తగుల్తన్నాదేటి?”

“అది నది. ఎండకి కాగింది కదా.”

“ఎలాగున్నాదో సెప్పు మరి.”

చెప్పాను. మట్టిరంగు నీళ్లు నీలం నీళ్లలోకి జొరబడడం, అవతలి ఒడ్డు, తిరిగొస్తున్న పడవలు, నా కళ్ల ముందు లేనివన్నీ చెప్పాను. అంత బాగా మరెప్పుడూ చెప్పలేదు. ఆవిడ నా చేతులు తీసుకుని కళ్లకద్దుకున్నారు.

ఆవిడకు చూపుంటే మడుగు చూపించి “ఇదే” అనగలిగేవాడినా? ఎంత తొందరున్నా “ఇవాళ కుదరదు టీచర్, ఇంకోసారి వద్దాం” అనేవాడిని, ఆవిడ కాస్త చిన్నబుచ్చుకుని సరేననేవారు, అక్కడితో అయిపోయేది. చూపు లేదు గనకే చేశాను. వాళ్లను అందరితో సమానంగా చూడాలని ఊరూరా ఉపన్యాసాలిచ్చే పెద్దమనిషిని నేనే. సిగ్గుగా ఉంది.

తర్వాత నన్ను బృందానికి అధ్యక్షుణ్ణి చేయాలని పట్టుబట్టింది కూడా ఆవిడే. కొత్తగా చేరినవాళ్లందరికీ ఆ రోజు సంగతే చెబుతారు. నేను పక్కన నవ్వుతూ నిలబడతాను.

మొన్న మళ్లీ కళింగపట్నం వెళ్లాం. చూపులేని గౌరి అనే అమ్మాయికి ఆ చోటు తనే చూపిస్తానని టీచరు ముచ్చటపడ్డారు. ఇసుకలో కాస్త నడిచి, ఆగి, నా వైపు తల తిప్పి, “ఇదే సోటు కదేటి బాబూ?” అని అడిగారు.

ఈసారి విలేకరి లేడు. తొందరా లేదు. అసలు చోటికి ఇద్దరినీ నడిపించుకు వెళ్లడానికి సాయంత్రం దాకా సమయముంది. అయినా “ఇదే టీచర్” అన్నాను. ఆవిడ నమ్మకం పోతుందేమోనని భయం. లేక నా పేరు పోతుందనా?

అది నది కాదు. మడుగు. ఇదిగో, రాసేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. అంతకుమించి అడిగే హక్కు నాకు లేదు.

సూరమ్మ టీచరుకు ఫోను చదివి వినిపిస్తుంది గానీ, ఆ గొంతులో ప్రాణం లేదంటారు. అందుకే ప్రతి ఆదివారం వెళ్లి ఏదో ఒకటి నేనే చదివి వినిపిస్తాను. ఈ ఆదివారం ఇది చదవాలి.