ఏసప్ప సంచిలో దవడ

కూతురు క్రిస్టీని మింగిన మొసలి దవడనే ఏసప్ప సంచిలో మోసుకు తిరుగుతున్నాడని సంతపూర్‌లో చెప్పుకుంటారు. మాంజ్రా ఏటి ఇసుకలో దొరికిన ఆ దవడ రాయిలా బరువు. ఎక్కడ దించినా ముందు కండువా పరిచి, దానిమీదే పెడతాడు. బీదర్ కాలేజీ సారు పళ్ళ గుంతలను ఒక్కొక్కటిగా కొలిచాడు.

"మూతి సన్నగున్నది ఏసన్నా. ఇది చేపల్ని తినే జాతి. రాయయి వేల ఏండ్లయింది."

"మల్లొక్కసారి సూడుండ్రి సార్. మనుషుల్ని తినేదని కాయితం మీద రాసియ్యుండ్రి. మా ఇంటామె ప్రేమమ్మకు సూపిస్త. బిడ్డ ఎట్ల పోయిందని రోజూ అడుగుతాంది."

సారు కలం తీయలేదు. ఏసప్ప దవడను కండువాలో చుట్టుకుని లేచాడు.

తనంతట తానే ఏట్లోకి పోతున్నానని క్రిస్టీ రాసిన చీటీ, ఆమె పోయిన ఉదయమే ఏసప్పకు దొరికింది. ప్రేమమ్మకు ఇప్పటికీ చూపలేదు.