ఒంటి దారం మీద వరికుచ్చు

మా నాన్న ముప్పై ఏళ్లు నాపరాయి క్వారీలో కంప్రెసర్ మిషన్‌తో రాతికి బెజ్జాలు వేశాడు. ఆ మోతకి చెవులు రెండూ పోయాయి. పని మానేసి ఇంటిపట్టున ఉండటం మొదలయ్యాక మాట కూడా తగ్గించేశాడు. అమ్మ ఏం చెప్పినా అరిచి చెప్పాల్సిందే. వీధిలోకి కొత్తగా అద్దెకు దిగినవాళ్లు మా ఇంట్లో రోజూ పోట్లాటే అనుకునేవాళ్లు. చెవి మిషన్ కొనిస్తే రెండు రోజులు పెట్టుకుని, "గీ పెడతంది, నాకొద్దు" అని తీసేశాడు. దాన్ని నేను గుండీలు దాచుకునే బిస్కెట్ డబ్బాలో పెట్టాను. ఎవరూ వాడకపోయినా నెలకోసారి బ్యాటరీ మార్చేదాన్ని. ఏదో ఒకరోజు అడుగుతాడని పిచ్చి ఆశ.

నేను బట్టలు కుడతాను. మాచర్లలో మా ఇంటి వరండాయే నా కుట్టుకొట్టు. పోయిన కోతలప్పుడు జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చిన ఒకామె, సాగర్ కాలువ కింద తమ పొలంలోదని ఒక వరికంకుల కుచ్చు తెచ్చిచ్చింది. పిచ్చుకలు తింటాయని దాన్ని నా కుట్టుమిషన్ పక్కనున్న కిటికీ చువ్వలకు కట్టాను. గాలివానకు కూడా కదలకుండా నాలుగు ముళ్లు వేశాను. నా కుట్టూ గట్టిదే, నా ముడీ గట్టిదే.

మూడో రోజున ఒక పిచ్చుక వచ్చింది. మా వీధిలో పిచ్చుకను చూసి ఎన్నేళ్లయిందో! నా కాలు తొక్కుడుచెక్క మీదే ఆగిపోయింది. అది కంకి చివర పట్టుకుని తలకిందులుగా వేలాడింది. కంకి వంగిందేగాని తెగలేదు. గింజను ముక్కులో అటూ ఇటూ తిప్పితే పొట్టు వచ్చి నా ఒడిలో పడింది, బియ్యపుగింజ దాని కడుపులోకి పోయింది. వడ్లు మర పట్టించడానికి మనకు అంత పెద్ద మిల్లు కావాలి, దానికి ఆ బుల్లి ముక్కు చాలు. ఆ విద్య దానికెవరు నేర్పారా అని నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. వెనక్కి తిరిగితే నాన్న గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయనా అదే చూస్తున్నాడు. మర్నాటి నుంచి ఎవరూ పిలవకుండానే కుర్చీ తెచ్చుకుని వరండాలో కూర్చోసాగాడు.

వారం తిరక్కుండా పావురాలు దిగాయి. ఎదురుగా సగం కట్టి వదిలేసిన మేడలో వాటి కాపురం. చువ్వల మీద దర్జాగా నిలబడి, పిచ్చుకల్ని రెక్కలతో తోసేసి, కుచ్చంతా దులిపి పారేసేవి. స్కేలు తీసుకుని తరిమాను, తళుకుకి బెదురుతాయని పాత సీడీలు వేలాడదీశాను. ఆ సీడీల్లో మొహాలు చూసుకుంటూ మరీ తిన్నాయి. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. చివరికి పిచ్చుకలు రావడం మానేశాయి, నాన్న కుర్చీ లోపలికి తీసుకెళ్లిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. నాలుగు గింజలు పోయినందుకు కాదు. బయటికొచ్చిన మనిషిని అవి మళ్లీ గదిలోకి పంపేశాయి.

అయినా ఊరుకోలేక ఆ కంకులిచ్చిన ఆమెనే అడిగి ఇంకో కుచ్చు తెప్పించాను. మళ్లీ చువ్వలకు కడుతుంటే నాన్న వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"గట్టిగా కట్టమాక. పావురం నిలబడి తింటది, పిచ్చుక ఏలాడి తింటది. నిలబడే చోటు లేకుండా చెయ్యి."

అన్ని రోజులూ నేను పావురాల దౌర్జన్యమే చూశాను. ఆయన వాటి కాళ్లు చూశాడు. రాతిలో ఎక్కడ బెజ్జం వేస్తే ఎటు చీలుతుందో కనిపెట్టిన కళ్లు మరి. సంచులు కుట్టే నైలాన్ దారం అడిగి తీసుకున్నాడు. వరండా స్లాబుకు మధ్యలో ఫ్యాను బిగించని కొక్కెం ఉంది. గోడకీ చువ్వలకీ దూరంగా, ఆ కొక్కేనికి ఒకే ఒక్క పోగుతో కుచ్చును వేలాడదీశాడు.

పావురం వచ్చి వాలబోయింది. కుచ్చు గిర్రున తిరిగి పక్కకు తప్పుకుంది. పావురం టపటపా కొట్టుకుంటూ నా మిషన్ మీద పడి, లేచి పారిపోయింది. నాన్న పైకే నవ్వాడు. ఆయన నవ్వు విని ఎన్నాళ్లయిందో. ఆ తర్వాత పావురాలు కింద రాలిన గింజలతో సరిపెట్టుకున్నాయి. అది వాటి వాటా అని నేనూ వదిలేశాను.

రెండు రోజులకు పిచ్చుకలు తిరిగొచ్చాయి, ఈసారి ఆరేడు. కుచ్చు ఎటు తిరిగితే అటే తిరుగుతూ, ఏ భయమూ లేకుండా తింటున్నాయి. ఒంటి దారం మీద అన్ని ప్రాణాలు ఊగుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. నాన్న వాటి ముక్కుల వైపే చూస్తున్నాడు. అవి తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి.

"అమ్మాయ్, అయ్యి ఏందో అంటన్నయ్యి గదా?"

అవునని తల ఊపాను.

"ఆ చెవి మిషన్ యాడ పెట్టావు?"

డబ్బాలో గుండీలన్నీ నేల మీద పోసేశాను. మిషన్ ఏరి నేనే ఆయన చెవికి పెట్టాను. ఆయన ఆ చెవిని కుచ్చు వైపు తిప్పాడు.

"ఓర్నీ! ఇంత గోల చేస్తయ్యా ఇయ్యి!" అన్నాడు.

మేం ఎంత బతిమాలినా పెట్టుకోని మనిషి పిచ్చుకల కోసం పెట్టుకున్నాడు. నాకు కాస్త ఉక్రోషం కూడా వచ్చింది, దాచడం దేనికి? సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి అమ్మ ఎప్పటిలాగే గొంతు చించుకుంది.

"ఇదిగో, అన్నానికి రావయ్యా!"

నాన్న ఉలిక్కిపడి అటు తిరిగాడు.

"ఎందుకే అట్టా అరుస్తావు? ఇనపడతందిగా."

లోపల గరిటె చప్పుడు ఆగింది. అమ్మ గుమ్మంలోకి వచ్చి ఆయన చెవి వైపు చూసింది.

"పప్పు చల్లారిపోతందయ్యా," అంది మామూలు గొంతుతో. నాన్నతో ఆ గొంతున మాట్లాడగా నేను విని పదేళ్లు దాటింది.