సముద్రపు మేక

మా ఇంటి గుమ్మం పక్కన గోడ మీద ఎర్ర రంగుతో రాసిన రెండు వరుసలున్నాయి. దోమల మందు కొట్టేవాళ్లు రాసినవి. తారీఖు, ఇంట్లో గదులు నాలుగు, మందు కొట్టినవి నాలుగు. తారీఖులు వేరు, మిగతా అంకెలు ఒకటే. పై వరుస అబద్ధం. దాన్ని రాయించింది నేను.

సారపాక పేపర్ మిల్లులో నాది మీటర్లు సరిచూసే ఉద్యోగం. ఊరి చివర, జామాయిల్ తోటలు మొదలయ్యే చోట ఇల్లు కట్టుకున్నాం. వానలు పడ్డాయంటే మా వైపు జ్వరాలు మామూలే. అలాంటి చోట, సముద్రానికి అంత దూరాన, హాల్లో ఆరడుగుల గాజు తొట్టి పెట్టి, ఉప్పునీళ్లు కలిపి పగడాలు పెంచాను. ఎందుకని అడిగితే చెప్పలేను. ఒకరికి పేకాట, ఒకరికి మందు, నాకు ఇది.

ఆ తొట్టికి రాజు నాసో టాంగ్ అనే చేప. హైదరాబాద్ నుంచి థర్మాకోల్ పెట్టెలో బస్సులో తెచ్చిన రోజు అరచేతిలో సగం ఉంది. మూడేళ్లలో జానెడు దాటింది. బూడిద రంగు ఒళ్లు, లిప్‌స్టిక్ వేసుకున్నట్టు నారింజ రంగు పెదవులు, తోక మొదట్లో అటూ ఇటూ కత్తుల్లాంటి ముళ్లు. తొట్టి కడుగుతుంటే ఒకసారి నా వేలు కోసింది. అన్ని కత్తులు పెట్టుకుని తినేది మాత్రం ఆకులే. రాళ్ల మీది నాచంతా ఎప్పుడో గీకేసింది. రోజుకు రెండుసార్లు పాలకూర వేడినీళ్లలో ముంచి, క్లిప్పుతో గాజుకు తగిలించాలి. దానికి తొట్టి చాలడం లేదని నాకు తెలుసు. పెద్ద తొట్టి ఉన్నవాళ్లెవరికైనా ఇచ్చేయాలనీ తెలుసు. ఇవ్వబుద్ధి కాలేదు.

నా భార్య దాన్ని మేక అనేది. చుట్టాలు వచ్చి "పులుసు ఎప్పుడు?" అంటే నాకు ఒళ్లు మండేది. ఆమె మాత్రం "మేకను కోసిననాడు పిలుస్తంలే" అని నవ్వేది. పాలకూర కట్టలో లేత ఆకులు దానికి ఏరి, ముదురువి మా పప్పులో వేసేది.

పెళ్లయిన ఆరేళ్లకు ఆమె నెల తప్పింది. ఐదో నెలలో, వాళ్లమ్మతో కలిసి స్కానింగ్‌కు భద్రాచలం వెళ్లిన రోజు పొద్దున మందు కొట్టేవాళ్లు మా వీధికి వచ్చారు. ఇద్దరు. పెద్దాయన భుజాన పంపు ఉంది.

"సామాను నడుమకు జరిపి, అన్నం గిన్నెలు, నీళ్లు బయట పెట్టున్రి సార్."

"లోపల చేపలున్నయి అన్నా. మా ఇంటికి వద్దు."

ఆ మందు నీళ్లలో పడితే చేప బతకదని చేపలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపులో చదివి ఉన్నాను. చదివిన ఆ ఒక్క ముక్కతో నేను పెద్ద డాక్టర్‌నైపోయాను.

"ఏమన్న కప్పితే అయిపోతది సార్. గంట పని," అన్నాడాయన.

"నీకు తెల్వదన్నా. ఉప్పునీళ్ల చేప అది."

"కొట్టకుంటే మమ్మల్ని అడుగుతరు సార్."

"కొట్టినట్టు రాసుకోండి. నేనెవరికీ చెప్ప."

ఆయన గుమ్మంలోంచి తొట్టి వైపు చూశాడు. "పెద్ద చాపనే," అన్నాడు. తర్వాత రంగు డబ్బా తీసి గోడ మీద రాశాడు. సాయంత్రం ఆమె వచ్చి ఆ రాత చూసి, "మంచిగైంది, కొట్టిన్రు" అంది. నేను అవునన్నాను.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమెకు వణుకు మొదలైంది. రెండు దుప్పట్లు కప్పినా మంచం కదులుతోంది. రక్తపరీక్షలో మలేరియా అని తేలింది. గోదావరి బ్రిడ్జి దాటించి భద్రాచలంలో దవాఖానాలో చేర్చాం. డాక్టరమ్మ అడిగింది, "ఇంట్ల మందు కొట్టిన్రా?"

"అవ్ మేడం, గోడ మీద రాసి ఉన్నది," అని నా భార్యే చెప్పింది, పళ్లు కొట్టుకుంటుంటే. నేను మంచం పక్కనే సెలైన్ సీసా వైపు చూస్తూ నిలబడ్డాను. నాలుగో రోజు కడుపులో బిడ్డ పోయింది.

ఆ రోజు ఆమె బట్టల కోసం ఇంటికి వచ్చాను. చేప గాజు దగ్గరికి వచ్చి, నోరు ఆడిస్తూ క్లిప్పు చుట్టూ తిరుగుతోంది. ఫ్రిజ్‌లో సగం కట్ట పాలకూర ఉంది. నీళ్లు కాచి, ఆకు ముంచి తగిలించాను. అది తింటుంటే చూస్తూ కూర్చున్నాను. దాని మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. కోపమంతా నా మీదే, సిగ్గుతో కలిసి.

దోమ ఎక్కడైనా కుట్టి ఉండొచ్చు, స్కానింగ్‌కు పోయిన చోట కుట్టి ఉండొచ్చు. ఈ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. చెప్పుకున్నంతసేపే నిలబడేది.

ఆమె ఇంటికొచ్చిన వారానికి ఆశా కార్యకర్త వచ్చింది. మందు కొట్టిన ఇంట్లో మలేరియా ఎట్లా వచ్చిందని పైవాళ్లు అడుగుతున్నారట. గది గది తిరిగి, గోడలు చేత్తో తడిమి చూసింది.

"మందు మచ్చ ఒక్కటి లేదేంది అక్కా? కడిగిన్రా?"

నా భార్య గోడల వైపు చూసింది. తొట్టి వైపు చూసింది. ఆ తర్వాత నన్ను చూసింది. "కొట్టనియ్యలేదు, వాళ్ల తప్పు కాదు, నేనే రాయించిన," అన్నాను. కార్యకర్త తల దించుకుని ఏదో రాసుకుని వెళ్లిపోయింది.

"చాప కోసమా?" అంది నా భార్య.

"అవ్."

తిట్టి ఉంటే బాగుండేది. మర్నాటి నుంచి పాలకూరలో లేత ఆకులు ఏరడం మానేసింది. చేప తిండి నేనే చూసుకున్నాను. దాన్ని ఇచ్చేస్తానని రెండుసార్లు అన్నాను. "ఇస్తే ఏమైతది?" అంది.

మరుసటి ఏడాది వానలకు ముందు మందువాళ్లు వచ్చారు. అదే పెద్దాయన. ఆ రోజు నాకు వీక్లీ ఆఫ్. నేను లేచేలోపే ఆమె తలుపు తీసింది. ఎట్లా కప్పాలో వాళ్లనే అడిగి, అటక మీది నీలం పట్టా దించి, తొట్టి మీద రెండు మడతలు పరిచింది. నీళ్లలోకి గాలి కొట్టే మోటారు ఆపింది. పట్టా అంచుల చుట్టూ తడిబట్ట దోపి, బట్టల క్లిప్పులు పెట్టింది. నేను పక్కన నిలబడి చూశాను. చెయ్యి వెయ్యమని అడగలేదు.

నాలుగు గదులూ కొట్టారు. వాసన పోయేదాకా మేమిద్దరం వాకిట్లో కూర్చున్నాం. తర్వాత ఆమె లోపలికి పోయి పట్టా తీసింది. చేప భయానికి పాలిపోయి మూలకు నక్కి ఉంది. కాసేపటికి రంగు తిరిగి, క్లిప్పు దగ్గరికి వచ్చింది. మొత్తం గంట పట్టింది.

పెద్దాయన గోడ దగ్గర తడిగుడ్డతో పాత రాతను తుడవబోతున్నాడు. నా భార్య గుమ్మంలోకి వచ్చి ఆపింది.

"పాతది తుడవకు అన్నా. దాని కిందనే రాయి."