ఆషాఢంలో తెల్ల చీర: జగిత్యాల నుంచి సిరిసిల్ల మీదుగా కోరుట్లకు

నేను సరదాకు ప్రయాణాలు చేసే మనిషిని కాదు. జగిత్యాలలో ఒక కాలేజీ గ్రంథాలయంలో పని చేస్తాను. అక్కడ ఎవరూ మాట్లాడకూడదన్న నియమం నాకు బాగా నచ్చుతుంది. మా అక్క గ్రేసీ పెళ్లి కోరుట్ల చర్చిలో. పెళ్లిచీర సిరిసిల్లలో ఒక చేనేత మగ్గం మీద నెలన్నర పాటు నేయించింది. తెచ్చే పని మా బాబాయిది. పెళ్లికి రెండు రోజుల ముందు ఆయన మెట్ల మీద జారి కాలు బెణికించుకోవడంతో అది నా మీద పడింది. "నువ్వేం మాట్లాడే పని లేదు. ఇస్తరు, తీసుకొనిరా" అంది అక్క. పెళ్లికి ముందురోజు సాయంత్రం ఆరింటికి ఫాదర్ చీరను, తాళిని ఆశీర్వదిస్తారు. ఆలోగా చీర కోరుట్ల చేరాలి. అందులో రంగు పోగు ఒక్కటీ ఉండకూడదు, ఎందుకంటే అక్కకు కాబోయే అత్తగారు పసుపును కూరలో తప్ప ఇంకెక్కడా ఒప్పుకోరని ప్రతీతి.

ఉదయం ఏడింటికి జగిత్యాల బస్టాండులో బస్సెక్కి, వేములవాడ మీదుగా తొమ్మిదింబావుకు సిరిసిల్లలో దిగాను. ఆడవాళ్లకు టికెట్ ఉచితం, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. నోరు తెరవకుండా అరవై కిలోమీటర్లు వెళ్లగలగడం ఆ పథకంలో నాకు నచ్చిన సంగతి. బస్టాండు నుంచి నేత వాడకు ఆటోవాళ్లు ఇరవై రూపాయలు తీసుకుంటారు. పవర్‌లూమ్‌ల చప్పుడు పెరిగేకొద్దీ సరైన దారిలోనే ఉన్నామని అర్థం.

నేతన్న నర్సయ్య గారు చీర విప్పి చూపించారు. పాలమీగడ తెలుపు, అంచు కూడా తెలుపే. నేను తల ఊపాను. అప్పుడే ఆయన భార్య లక్ష్మవ్వ గిన్నెతో వంటింట్లోంచి వచ్చింది. కొత్తబట్ట కొసకు పసుపు పెట్టి ఇవ్వడం వాళ్ల పద్ధతి. మామూలుగా ఒక బొట్టు.

"వాళ్లు కిరస్తానోళ్లే. వాళ్లకు తెల్లదే నడుస్తది" అన్నారు నర్సయ్య గారు.

"నడిస్తె నడుస్తది. పెండ్లేమో ఆషాఢంల, చీరేమో తెల్లగ. పిల్ల సల్లగుండొద్దా? పసుపు పెడ్తె నీదేం పోతది?" అంటూ ఆవిడ ఒక బొట్టు చాలదనుకుని నాలుగు కొసలకూ, రూపాయి బిళ్లంత చొప్పున, పెదవులు కదిలిస్తూ పెట్టింది. ఎవరో మా అక్క కోసం ప్రార్థన చేస్తుంటే మధ్యలో ఆపడం ఎలాగో నాకు తెలియదు. "వద్దండీ" అన్న మాట గొంతు దాకా వచ్చి, అక్కడే కూర్చుంది. "థాంక్స్ అవ్వా" అన్నది మాత్రం బయటికి వచ్చింది.

వేములవాడకు తిరుగు బస్సులో జపమాల తీశాను. ప్రభువా, ఈ మరక పోవాలి, ఆరింటిలోగా, మచ్చ లేకుండా. సగం జపంలో ఉండగా ఒక ఆలోచన వచ్చింది: సబ్బు. అది దేవుడిచ్చిన ఆలోచనే అనుకున్నాను. కాదు. వేములవాడ బస్టాండు కుళాయి దగ్గర నాలుగు కొసలూ సబ్బుతో రుద్దాను. పసుపు పోలేదు. ఎర్రబడింది. ఇప్పుడు అవి అచ్చం కుంకుమ బొట్లు.

పక్క కుళాయి దగ్గర సీసా నింపుకుంటున్న పెద్దావిడ వంగి చూసింది. "పసుపుకు సబ్బు వెడ్తరా ఎవలన్న? ఏం సదువుకున్నవ్ బిడ్డా?"

"ఎం.ఏ., అవ్వా."

"గందుకే."

ఆమె పేరు రాజవ్వ, రుద్రంగి దగ్గరి పల్లె. కళ్లు తుడుచుకుంటూ సంగతంతా చెప్పాను. ఆమె బయటికెళ్లి, పూజాసామాన్ల అంగట్లో రెండు నిమ్మకాయలు కొనుక్కొచ్చి, ఎర్ర మచ్చల మీద పిండింది. అవి మళ్లీ పసుపుపచ్చగా మారాయి. పాత కష్టం తిరిగొచ్చినందుకు అంత సంతోషించడం నాకు అదే మొదటిసారి.

"ఇగ ఎండే దీనికి మందు. రెండు గంటలు ఎండల ఎయ్యాలె. మా ఇంటికాడ దిగు. మూడున్నరకు ఇంకో బస్సున్నది."

తెలియని వాళ్లింటికి నేను మంచినీళ్లకు కూడా వెళ్లను. కానీ ఇంకో దారి లేదు. కోరుట్ల బస్సు పదకొండు ముప్పావుకు బయల్దేరింది. దారిలో అక్క ఫోన్ చేసింది.

"చీరెట్లున్నది?"

"తెల్లగుంది" అన్నాను. చాలావరకు నిజమే.

ఒంటిగంటకు రాజవ్వ డాబా మీద నులకమంచం వేసి, ఉతికిన దుప్పటి పరిచి, చీర కొసలు ఎండకు పెట్టాం. నేను గోడ నీడలో కూర్చుని ఎండ కోసం జపం మొదలుపెట్టాను. పక్కింటి మల్లయ్య తన డాబా మీంచి ఆకాశం చూస్తూ పలకరించాడు.

"ఏం మొక్కుతున్నవ్ బిడ్డా?"

"ఎండ కోసం."

"అయ్యో! వారం సంది మేము వాన కోసం మొక్కుతున్నం. మక్క విత్తనాలు భూమిలనే మాడుతున్నయ్!"

రాజవ్వ ఆకాశం వైపు చెయ్యి చూపిస్తూ పడీపడీ నవ్వింది. "ఇద్దరికి కలిపి ఒక్కటే మొగులాయె. దేవుడు ఎవల మాట ఇంటడో పాపం!"

జపమాల చేతిలో ఆగిపోయింది. ఆ ముసలాయన పొలం ఎండిపోవాలని అడుగుతున్నట్టే కదా. ఏం అడగాలో తోచక, "నువ్వే చూసుకో ప్రభువా" అన్నాను. తేదీ, సమయం, పద్ధతి చెప్పకుండా నేను చేసిన మొదటి ప్రార్థన బహుశా అదే.

మూడు దాకా ఎండ మండింది. మూడు కొసలు తెల్లబడ్డాయి. నాలుగోది ఎందుకో లేత పసుపుగా మిగిలింది. ఇంకో అరగంట ఉంటే పోయేదే, కానీ పడమటి నుంచి మబ్బు పరుగెత్తుకొచ్చింది. చినుకులు మొదలయ్యాయి. మల్లయ్య తడుస్తూ నిలబడి, "ఏమనుకోకు బిడ్డా!" అని అరిచాడు, ముఖమంతా నవ్వుతో. రాజవ్వ చీరను మడిచి, కడిగి ఆరబెట్టిన యూరియా సంచిలో చుట్టి ఇచ్చింది.

అయిదుంబావుకు కోరుట్లలో చర్చి పక్క గదికి చేరాను. యూరియా సంచి చూసి అక్క తల పట్టుకుంది. చీర ముందుగా అందుకున్నది అత్తగారు. కళ్లద్దాలు పెట్టుకుని, కొస తర్వాత కొస చూసి, నాలుగో దాని దగ్గర ఆగారు. "ఇదేంది?"

గదిలో పదిహేను మంది ఉన్నారు. నా జీవితంలో అంతమంది ముందు ఒక వాక్యం కూడా మాట్లాడలేదు. ఆ రోజు గిన్నె, సబ్బు, నిమ్మకాయలు, వాన అన్నీ చెప్పాను.

"పెట్టినామె పేరేంది?" అడిగారు అత్తగారు.

"లక్ష్మవ్వ."

"పిల్ల సల్లగుండాలె అనే పెట్టిందా?"

"అవునండీ."

ఆమె చీర మడిచి అక్క చేతిలో పెట్టారు. "ఫాదర్ ఆరింటికి చేసే పని గామె పొద్దుగాలనే చేసింది. గా కొస లోపలికి దోపుకో గ్రేసీ. కడగకు."

కష్టం వస్తే దేవుడి మీద ఆనుకోమని కాన్వెంట్‌లో సిస్టర్లు పన్నెండేళ్లు చెప్పారు. నేను నేర్చుకున్నదల్లా కష్టంతో పాటు పరిష్కారం కూడా రాసి ఆయనకు అందించడం. ఆ రోజు నేను రాసిచ్చినవేవీ జరగలేదు. కుళాయి పక్కన ఒక అవ్వ నిలబడింది, మల్లయ్య మక్కలకు వాన కురిసింది, పసుపును ఒప్పుకోని మనిషి పసుపును కడగనివ్వలేదు. మూడు కొసలకే ఎండ సరిపోయినందుకు ఇప్పుడు నాకు ఫిర్యాదు లేదు.

సిరిసిల్లలో తెల్ల పెళ్లిచీర నేయించుకునేవాళ్లకు ఒక సలహా: చీర చూసి తల ఊపకముందే, ఇంటావిడ వంటింట్లోకి వెళ్లకముందే, "ఒక్క బొట్టు చాలవ్వా, కట్టులో లోపలికి పోయే కొసకు" అని గట్టిగా చెప్పండి.