వెనక మెట్లు

జుముంజిన్ రేవు పక్కన గ్విరే నడిపే లాడ్జిలో పన్నెండు గదులు. భర్త పోయాక ఆడపడుచు మల్సుక్‌తో కలిసి ఆమే నెట్టుకొస్తోంది. వాళ్ళ దుప్పట్లు ఉతికేది నేనే కనుక ఆ ఇంట్లో నాకు తెలియనిది లేదనుకునేదాన్ని.

ఆ చలికాలం దోగ్యోంగ్ అనే అమ్మాయి ఏడుగురు స్నేహితులతో సినిమా తీయడానికి అక్కడ దిగింది. కథ విని మా వీధంతా నవ్వింది. లాడ్జికొచ్చినవాళ్ళు ఒక్కొక్కరే చచ్చిపోతుంటే, పేరు పోతుందని ఇంటివాళ్ళు శవాలను దాచేస్తుంటారట. గ్విరే మాత్రం నవ్వలేదు. ఆ రోజునుంచి వదినా మరదళ్ళు ఎదురెదురుగా కూర్చుని తింటూ కూడా మాట్లాడుకోవడం మానేశారు.

తొమ్మిదో రోజు వెనక మెట్లమీద చిత్రీకరణ. ఇద్దరు నటులు శవం వేషంలో ఉన్న ఇంకొకణ్ణి దించుతూ తడబడుతుంటే తక్కినవాళ్ళు నవ్వాపుకుంటున్నారు. దుప్పట్ల మూటతో నేనూ నిలబడి చూస్తున్నాను. గ్విరే మెట్ల దిగువన నిలబడి చూస్తోంది. మూడోసారీ శవం తల గోడకు కొట్టుకుంది.

"అలా కాదు," అంది గ్విరే. "కాళ్ళు ముందు దిగాలి. పైనున్నవాళ్ళు చంకల్లో చేతులేసి పట్టుకోవాలి. లేకపోతే మలుపు దగ్గర ఇరుక్కుంటారు."



"మీకెలా తెలుసు పెద్దమ్మా?" అని దోగ్యోంగ్ మెల్లగా అడిగింది.

"వదినా, ఇక చాల్లే. లోపలికి రా," అంది మల్సుక్.

గ్విరే కదల్లేదు. అక్కడే అంతా చెప్పేసింది. ఇరవైరెండేళ్ళ కిందట, కొత్త సంవత్సరం సెలవుల్లో గదులన్నీ నిండి ఉండగా, ప్యో అనే ఎండుచేపల వ్యాపారి నిద్రలోనే పోయాడు. లాడ్జిలో చావంటే ఇక గుమ్మం తొక్కేవాళ్ళుండరని ఆమె భర్త హడలిపోయాడు. తెల్లవారకముందే మొగుడూపెళ్ళాలూ మల్సుకూ కలిసి ప్యోను ఈ మెట్లమీదుగా దించి, రేవుగట్టుమీద కూర్చోబెట్టి వచ్చేశారు. గుండె ఆగిందని డాక్టరు తేల్చాడు. ఎవరూ ఇంకేమీ అడగలేదు. ఇప్పుడీ కథ వినగానే, నువ్వే బయటపెట్టావని వదినా మరదళ్ళు ఒకరినొకరు అనుమానించుకున్నారు. దోగ్యోంగ్‌కు ఎవరూ చెప్పలేదు. ఆ కథ ఆమె సొంతంగా అల్లుకున్నదే.

ఆ దృశ్యం తీసేస్తానంది దోగ్యోంగ్. నీ ఇష్టం, నేను మాత్రం ప్యో ఇంటివాళ్ళకు ఉత్తరం రాయాలి అంది గ్విరే.

పదిరోజులకు ప్యో కొడుకు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"మా నాన్న పరుపుమీదే పోయాడా?"

"పరుపుమీదే నాయనా. దుప్పటి కూడా చెదరలేదు."

"సముద్రంలో దూకడానికే గట్టుమీదికి వెళ్ళాడనుకుంది మా అమ్మ. ఆవిడతో పోట్లాడి బయల్దేరాడు. నావల్లే, నావల్లే అంటూనే ఆవిడా కన్నుమూసింది."

గ్విరే అతని ముందు మోకరిల్లింది. క్షమించమని అడగబోతే అతను చెయ్యెత్తి ఆపాడు. క్షమించాననీ అనలేదు, ఫిర్యాదు చేస్తాననీ అనలేదు. తండ్రి పోయిన గది చూపించమని అడిగి, లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. సాయంత్రందాకా వదినా మరదళ్ళిద్దరూ బయటే కూర్చున్నారు. మల్సుక్ రెండుసార్లు గంజి వేడిచేసింది. బయటికొచ్చాక అతను ఆ గంజి నిలబడే తాగాడు. ఏటా తండ్రి తద్దినం నాడు ఆ గది తనకే ఉంచమన్నాడు.