చెక్కని ఒడ్డు

మా ఊళ్లో ఆడమనిషి పనిమంతురాలా కాదా తేల్చాలంటే ఆమె పొలం గట్లు చూస్తారు. నాట్లకు ముందు పారతో గట్టు పక్కలు నున్నగా చెక్కి, గడ్డిపరక మిగలకుండా బురద మెత్తాలి. చెక్కని గట్టూ, ఊడ్వని వాకిలీ మావాళ్ల లెక్కలో ఒకటే. ఇరవై ఏళ్లు నా గట్లకు వంక పెట్టిన మొనగాడు లేడు. ఆ గర్వమే నా కొంప ముంచింది.

ఆకేరు వాగు మా పొలానికి సరిహద్దు. ఒడ్డున ఒకప్పుడు ఏరుమద్ది చెట్లు, కానుగలు, వావిలి పొదలు, మనిషెత్తు రెల్లు ఉండేవి. పాములు చేరతాయని, ఎలుకలు వస్తాయని, అన్నిటికంటే ముఖ్యంగా చూడ్డానికి బాగుండదని నేనూ మా ఆయనా ఏటా కొంత నరుక్కుంటూ వచ్చాం. నరికిన చోటల్లా ఇంకో రెండు సాళ్లు వరి దక్కేది. ఆయన పోయాక మిగిలినదాన్ని నేనే నరికించాను. రెండేళ్ల కిందటి వానాకాలంలో ఆకేరు ఒక్క పూటలో ఒడ్డును కోసుకుని లోపలికి వచ్చింది. నీళ్లు తీశాక చూస్తే పొట్ట మీదున్న వరి లేదు, మోకాలెత్తు ఇసుక ఉంది. వానను తిట్టాను, వాగును తిట్టాను. తిట్టాల్సిన మనిషి మా ఇంట్లోనే ఉందని ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది.

ఆ ఇసుకలో ముందుగా మొలిచినవి సర్కారు తుమ్మ, లొట్టపీసు. వీటి ఆకు ఏ పశువూ ముట్టదు. పక్క పొలం మా బావది, అంటే మా ఆయన అన్నగారిది. ఒకరోజు వచ్చి చూసి, చేతులు వెనక్కి కట్టుకుని తీర్పు చెప్పాడు.

“గీ ముక్కల ఇగ వరి పండది. జేసీబీ వెట్టి సాపు జేపిచ్చి జామాయిలు ఏద్దాం. నీకు ఫికర్ ఉండది.”

ఆయన నా మంచి కోరే చెప్పాడు. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండింది. నా మంచేదో నాకు వదిలేసేవాళ్లు మా ఇంట్లో మొదటినుంచీ తక్కువే.

“ఒడ్డు మీద ముందు ఏమున్నయో గవే పెడత బావా. రెండు వానాకాలాలు ఆగు. మళ్ల ఒడ్డు తెగితే ఆ ముక్క నీ ఇష్టం,” అన్నాను. చాయ్ హోటల్ ముందు, పది మంది వింటుండగా అన్నాను. నోరు జారి కాదు, కావాలనే. ఇంటికొచ్చాక గానీ లెక్క వేసుకోలేదు. అది అర ఎకరం. నాకున్న రెండెకరాల్లో వాగు తడి అందేది ఆ ముక్కకే.

నర్సరీకి పోతే టేకు ఇస్తామన్నారు, పూల మొక్కలు ఇస్తామన్నారు. వావిలి ఉందా అంటే నవ్వారు. “గవి మొక్కలా అమ్మా? పిచ్చి చెట్లు,” అన్నాడు అక్కడి మనిషి. పిచ్చిదానికి పిచ్చి చెట్లే సరి అనుకుని వాగు వెంట పైకి నడిచాను. రాళ్లుండి నాగలి దిగని చోట పాత ఒడ్డు ఇంకా బతికే ఉంది. ఎండాకాలమంతా అక్కడికి తిరిగాను. మద్ది కాయలూ కానుగ కాయలూ ఒడిలో పోసుకొచ్చాను, వావిలి కొమ్మలు నరుక్కొచ్చాను, రెల్లు దుబ్బులు వేళ్లతో సహా తవ్వుకొచ్చాను.

ఇసుక ఎత్తిపొయ్యడానికీ తుమ్మ మొక్కలు పెకిలించడానికీ కూలి గుంపును పిలిచాను. మా ఊళ్లో నాటుకైనా కలుపుకైనా ఆ పదకొండు మంది ఆడవాళ్లే దిక్కు. వాళ్లకు పెద్ద ఒక అవ్వ. డెబ్బై దాటినా ఆమె ఏ మడిలో దిగితే మిగతావాళ్లు ఆ మడిలోనే దిగుతారు. నేను తాడు కట్టి వావిలి కొమ్మలు వరసగా గుచ్చుతుంటే ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది.

“ఏందే బిడ్డా, వాగు సాలు వట్టి వస్తదా?”

అన్నీ పీకి, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి, ఆమె చెప్పినట్టే పెట్టాను. నేను ఒకరి మాట వినడం అరుదు, అందుకే ఆ పూట బాగా గుర్తుంది. రెల్లు మాత్రం వాళ్లు లేని రోజుల్లో ఒక్కదాన్నే నాటాను, ఎవరికీ చెప్పలేదు. గడ్డిని తెచ్చి నాటుతోందంటే నవ్వుతారని సిగ్గుపడ్డాను. ఆ సిగ్గుకు తర్వాత బాగానే అనుభవించాను.

పోయినేడు వానలు మామూలుగా పడ్డాయి. ఇసుక తీసిన ముక్కలో మళ్లీ వరి నాటాను. రెల్లు నడుం దాకా లేచింది, తుంగ దానంతట అదే వచ్చింది, ఏనాడో మానేసిన పిట్టలు మళ్లీ గూళ్లు కట్టుకున్నాయి. “అడివి వెంచుతానవా?” అన్నాడు మా బావ. “అవును,” అన్నాను.

చలికాలం, యాసంగి నాట్లకు ముందు నాకు కంటి ఆపరేషన్ అయింది. వరంగల్‌లో మా చెల్లెలింట్లో పది రోజులున్నాను. కిందికి వంగొద్దు, ఏడవొద్దు అని డాక్టర్ చెప్పి పంపాడు. బస్సు దిగి, నల్ల కళ్లద్దాలతోనే నేరుగా పొలానికి పోయాను.

ఒడ్డు అలికిన అరుగులా మెరుస్తోంది. మద్ది మొక్కల చుట్టూ, వావిలి చుట్టూ ముచ్చటగా పాదులు తీసి ఉన్నాయి. వాటి మధ్య గడ్డిపరక లేదు. రెల్లు లేదు, తుంగ లేదు. నేను వచ్చే రోజు తెలిసి పదకొండు మందీ గట్టు మీద కూర్చుని నా మొహం వంకే చూస్తున్నారు.

“మంచిగున్నదా బిడ్డా?” అంది అవ్వ. “కండ్లు బాగలేక గడ్డి ఇడిసిపెట్టినవనుకున్నం. ఊరోళ్లు నవ్వుతాండ్రు. నాలుగు రోజులు మాపటికి మేమే వచ్చి చెక్కినం. నువ్వేం ఇయ్యద్దు.”

నేను అరిచిన అరుపులకు పక్క పొలాల వాళ్లు లేచి చూశారు. వంగి వంగి మన్ను తడిమాను, ఏడ్చాను. డాక్టర్ చెప్పిన రెండూ ఒకేసారి చేశాను. వాళ్లు తెల్లమొహాలు వేసుకుని నిలబడ్డారు. నా పరువు కాపాడదామని వచ్చినవాళ్లు. ఇన్నేళ్లూ గట్టు మీద నిలబడి, ఇక్కడ గడ్డి మిగిలింది, అక్కడ వంకర పోయింది అని వాళ్లను సతాయించినదాన్ని నేనే కదా. ఇంటికొచ్చి సిగ్గుతో అన్నం తినలేకపోయాను.

మా బావ కబురు తెలిసి వచ్చాడు. “అయిపాయె. ఇప్పుడే జామాయిలు వెడదాం.”

“ఇంకో వానాకాలం ఉన్నది బావా,” అన్నాను. ఏం చూసుకుని అన్నానో నాకే తెలియదు.

మూడో రోజు అవ్వ కొడవలితో వచ్చింది. ఒడ్డు మీద గొంతుక్కూర్చుని మన్ను కొంచెం గీరి చూపించింది. లోపల రెల్లు మొలకలు తెల్లగా కనపడ్డాయి. “పైన గోసినం గని కింద సావలే. పిలిచి చెప్పకపోతివి, మాకేమెరుక?” అని నన్నే తిట్టింది. బాగా తిట్టింది, హాయిగా ఉంది. ఆ రోజునుంచి పని దిగి ఇంటికి పోయేటప్పుడు వాళ్లలో ఎవరో ఒకరు వాగు పైనుంచి రెల్లు దుబ్బు తెచ్చి ఒడ్డున పెట్టి పోయేవాళ్లు.

ఈ ఏడు ఆకేరు మళ్లీ పొంగింది. మూడు రోజులు పొలం దగ్గరికి పోనివ్వలేదు. నాలుగో రోజు నేనూ, గుంపూ, మా బావా ఒకేసారి చేరాం. రెల్లంతా వాగు పారిన వైపుకే పడుకుని ఉంది. కొట్టుకొచ్చిన ఇసుక దాని దుబ్బుల్లోనే ఆగిపోయింది. వరి బురద పూసుకుని నిలబడే ఉంది. కానీ ఎగువ మూలన ఒడ్డు రెండు మంచాల వెడల్పున తెగింది.

“తెగింది,” అన్నాడు మా బావ.

“తెగింది,” అన్నాను. అబద్ధం ఆడలేను.

ఆయన అవ్వ వైపు తిరిగాడు. “నీళ్లు తీసినంక మీరంత రాండ్రి. జామాయిలు పెట్టాలె.”

“రాం కొడుకా,” అంది అవ్వ. “నీ వరి కలుపుకు పిలువు, వస్తం. గీ ఒడ్డు మీద జామాయిలుకు రాం. ఒక్కపారి తెల్వక చెక్కినం. తెలిసి మళ్ల చెయ్యం.”

పదకొండు మందిలో ఒక్కరూ కదల్లేదు. మా బావ నా వైపు చూశాడు. “మాట ఇచ్చినవు గదా?”

“ఇచ్చిన. ఎనుకకు పోను. నువ్వే పెట్టుకో,” అని పార ఆయన చేతికిచ్చాను.

ఆయన పార ఎత్తి బలంగా ఒక్క దెబ్బ వేశాడు. పార జానెడు దిగి రెల్లు వేళ్లలో ఇరుక్కుంది. అటూ ఇటూ ఊపి, కాలు తన్నిపెట్టి లాగితే గానీ రాలేదు. ఆయన వంగి ఆ వేళ్లను పట్టి చూశాడు. ఆ తర్వాత తెగిన మూలను, ఇసుక పడని నా వరిని చూశాడు. పార గట్టు మీద పెట్టి తన పొలంలోకి దిగిపోయాడు.

జామాయిలు మాట ఆయన మళ్లీ ఎత్తలేదు. మరునాడే ఆ మూలన రెల్లు పెట్టాం. పొంగు తీసిన ఒడ్డు ఇప్పుడు మళ్లీ చింపిరి తలలా ఉంది. దారిన పోయేవాళ్లు చూసి, ఇంత బతుకు బతికి గట్టు చెక్కించలేకపోతోందని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. నేను చెక్కను.