మజహర్ భాయి రుచి చూడని దాణా

మజహర్ భాయి తాను తినని మేత గొర్రెకు పెట్టడు. కోతలు కోయడం లేదు. బోధన్ రాకాసిపేటలో ఆయన ఇంట్లో రెండేళ్లు అద్దెకున్న బడిపంతుల్ని నేను; కళ్లారా చూశాను. బక్రీదుకు గొర్రెపోతులను బలిపించి అమ్మడం ఆయన పని. పత్తిగింజల చెక్క నమిలేవాడు, తవుడు బుక్కేవాడు, చక్కెర ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన నల్లటి మడ్డిని వేళ్లతో నాకేవాడు.

"పదకొండేండ్ల సంది వండి పెడుతున్న. ఒక్కనాడన్న కూరల ఉప్పు సంగతి చెప్పిండా సార్?" అని ఆయన భార్య సాలేహా వాపోయేది. "గొర్ల దాణాకైతే వంకలు పెడతడు!"

"బాగలేకుంటె నువ్వు చెప్తవ్. గొర్రె ఎవరికి చెప్తది?" అనేవాడాయన.

అరవైరెండులో బక్రీదు నడి ఎండల్లో వచ్చింది. ఎదురింటి సాయవ్వకు మొగుడు భీమన్న పోయి ఏడాది తిరగలేదు. ఉన్నది ఒక్క పోతుపిల్ల. అది అమ్ముడుపోతేనే వానాకాలానికి ఇంట్లో గింజలు. ఎండకు అది మేత మానేసింది, డొక్కలు లోపలికి పోయాయి. మజహర్ భాయి బకెట్ పట్టుకుని వెళ్లాడు.

"ఎండకు గట్టి దాణా ముట్టది సాయవ్వా. సల్లటి నీళ్లల్ల ఇంత తవుడు, ఉప్పు, జర మడ్డి కలిపిన. తాపు."

"నువ్వు నాకిన ఎంగిలి నా గొర్రెకెందుకన్నా? తీస్కపో" అని సాయవ్వ తలుపేసుకుంది.

వారం తిరక్కముందే మొదలైంది. మిట్టమధ్యాహ్నం, కాకి కూడా అరవని వేళ, ఆ పిల్ల పిట్టగోడ వైపే చూస్తూ కదలకుండా నిలబడేది. కాసేపయ్యాక చూస్తే దాని మూతి నల్లగా, తడిగా ఉండేది. ఖాళీ తొట్టిలో నల్లటి చారలు. పేటకు ఆ పేరు ఊరికే రాలేదని వాడకట్టంతా గుసగుసలాడింది. సాయవ్వ మాత్రం నెమ్మదిగా, "మా ఆయన వస్తుండు సారూ" అంది. రోజూ తొట్టి పక్కన జొన్నరొట్టె, ఉల్లిగడ్డ పెట్టి తలుపేసుకునేది. రొట్టె మాయమయ్యేది. పిల్ల బలిసేది. చచ్చినవాడు మేపుతున్న గొర్రెను చూస్తుంటే అంత ఎండలోనూ నాకు వణుకొచ్చేది.

నేను పంతుల్ని, దయ్యాలను నమ్మను. అందుకే గడియ పెట్టుకుని కిటికీ సందులోంచి చూశాను. తడి గోనెసంచి కప్పుకున్న ఆకారమొకటి సాయవ్వ పిట్టగోడ దాటింది. దానికి ముఖం లేదు. తొట్టి మీదికి వంగింది. జుర్రుమని చప్పుడు. తలెత్తితే నల్లటి నోరు, నల్లగా కారుతున్న గడ్డం. అది ఇంకోసారి జుర్రి, చప్పరించి, "ఉప్పు తక్కువైంది" అంది.

"మజహర్ భాయీ!" అని పరుగెత్తాను.

"ష్! చేతికిస్తె తీస్కోదు సార్. ఏం జేద్దు?"

"రొట్టె గూడ మీరే తింటున్నరా?"

"తినకుంటె భీమన్న రాలేదని ఏడ్వదా?"

పండగ ముందురోజు పొద్దున వర్ని నుంచి షరీఫ్ సాబు అనే బేరగాడు వచ్చి, పిల్లను చూసి ముచ్చటపడి, సాయంత్రం డబ్బిచ్చి తోలుకుపోతానని మాట ఇచ్చాడు. మధ్యాహ్నం మజహర్ భాయి నా తలుపు తట్టాడు.

"ఇయ్యాల నాకు రోజా సార్. చుక్క నీళ్లు ముట్టరాదు. దాణా రుచి నువ్వు చూడాలె. రొట్టె గూడ నువ్వే తినాలె."

నాకూ ఒక గోనెసంచి కప్పాడు. ఇద్దరం గోడ దాటాం. కళ్లు మూసుకుని ఒక గుక్క తాగాను. ఆ రుచి గురించి అడక్కండి. రొట్టె కోసం చూస్తే రొట్టె లేదు. ఉతికిన గుడ్డలో కట్టిన ఖర్జూరాలున్నాయి.

"ఒక్కపొద్దు ఇడిసినంక తిను మజహరన్నా" అని తలుపు వెనక నుంచి సాయవ్వ గొంతు వినిపించింది.

"మరి భీమన్న అంటివి కద?" అన్నాను నోరెళ్లబెట్టి.

"ఆయన బతికున్నన్నాళ్లు గొర్రె దిక్కు సూడలే సారూ, సచ్చినంక సూస్తడా? అన్న ఇచ్చింది నేను ఉత్తగ తీస్కుంటనా? చేతికిస్తె అన్న తీస్కోడు, అందుకే ఆయన పేరు జెప్పి దినాం రొట్టె పెట్టిన."

మజహర్ భాయి పట్టుబడ్డ దొంగలా సిగ్గుపడిపోయి, గోనెసంచిని ముఖం మీదికి లాక్కుని, ఖర్జూరాల మూటను మాత్రం గట్టిగా పట్టుకుని గోడ దిగాడు.